స్విమ్మింగ్ పూల్ అడిగిన కుర్రాడు

ఫ్రెడ్ హాంప్టన్ పేరు మనలో ఎవరికైనా తెలిసిందంటే అది 2021లో వచ్చిన జూడస్ అండ్ ద బ్లాక్ మెసయ్య సినిమా వల్లే అయ్యుంటుంది. అందులో ఫ్రెడ్‌గా నటించిన డేనియల్ కలూయాకి ఆస్కార్ కూడా వచ్చింది. సినిమా బాగుంటుంది. కానీ అది ఎక్కువగా అతని ఆఖరి రోజుల కథ. తుపాకులు, పోలీసులు, నమ్మకద్రోహం, చావు. అంతకుముందు అతను ఏం చేశాడో తెలియకపోతే, ఒక కాలేజీ వయసు కుర్రాడిని చూసి అమెరికా ప్రభుత్వం ఎందుకంత భయపడిందో అర్థం కాదు. అందుకే ఈ వ్యాసంలో చావు కన్నా ముందు సంగతులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇంకో మాట. మామూలుగా ఇలాంటి జీవిత కథల్లో ఆయన అని రాస్తాం. నేను అతను అనే రాస్తున్నాను. గౌరవం లేక కాదు. చనిపోయేనాటికి ఫ్రెడ్ వయసు 21. మన క్యాంపస్‌లో అయితే ఫైనలియర్ సీనియర్ అంత.

ఫ్యాక్టరీ ఊరి పిల్లాడు

ఫ్రెడ్ 1948 ఆగస్టు 30న పుట్టాడు. తండ్రి ఫ్రాన్సిస్, తల్లి ఐబీరియా. ఇద్దరిదీ దక్షిణాన ఉన్న లూసియానా రాష్ట్రం. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్ళకి బడి వేరు, బస్సులో సీటు వేరు, ఓటు వేయాలంటే సవాలక్ష అడ్డంకులు, ఎదురు తిరిగితే ప్రాణమే పోవచ్చు. 1910ల నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లజాతి వాళ్ళు అక్కడి నుంచి ఉత్తరాది నగరాలకి వలస వెళ్ళారు. హాంప్టన్ దంపతులు కూడా అలాగే చికాగో దగ్గరికి వచ్చి ఆర్గో అనే చోట మొక్కజొన్న స్టార్చ్ ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. ముగ్గురు పిల్లల్లో ఫ్రెడ్ చివరివాడు.

ఆర్గోలో ఉన్నప్పుడు ఐబీరియా పక్కింటి వాళ్ళ పిల్లాడిని కొన్నాళ్ళు చూసుకునేది. ఆ పిల్లాడి పేరు ఎమెట్ టిల్. 1955 ఆగస్టులో, 14 ఏళ్ళ వయసులో, ఎమెట్ మిసిసిపీలో చుట్టాలింటికి వెళ్ళాడు. అక్కడ ఒక తెల్లజాతి స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడని నింద వేసి, రాత్రిపూట ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి చంపేశారు. వాళ్ళమ్మ శవపేటిక మూత తెరిచే ఉంచమంది. చికాగోలో వేలమంది వరుసలో నిలబడి ఆ ముఖం చూశారు. హంతకులని అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ గంటలో నిర్దోషులని వదిలేసింది. అప్పటికి ఫ్రెడ్‌కి ఇంకా ఏడేళ్ళు. వాళ్ళమ్మ ఎత్తుకుని ఆడించిన పిల్లాడు అలా అయిపోయాడంటే ఆ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

తర్వాత కుటుంబం మేవుడ్ అనే ఊరికి మారింది. చికాగోకి పశ్చిమాన, సుమారు 27 వేల జనాభా ఉన్న శివారు ఊరు. ఫ్రెడ్‌కి పదేళ్ళప్పుడే వారాంతాల్లో చుట్టుపక్కల పిల్లల్ని ఇంటికి పిలిచి, తనే సరుకులు తెచ్చి, తనే వండి టిఫిన్ పెట్టేవాడని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది.

పూల్ కావాలి

హైస్కూల్లో ఫ్రెడ్ బాగా చదివేవాడు, ఆటలు కూడా ఆడేవాడు. ప్రొవైసో ఈస్ట్ హైస్కూల్లో ఏటా ఒక పండగ లాంటిది జరిగేది, అందులో ఒక అమ్మాయిని రాణిగా ఎన్నుకునేవాళ్ళు. నల్లజాతి అమ్మాయిలని ఆ పోటీలోకి రానివ్వరు. ఫ్రెడ్ విద్యార్థులని కూడగట్టి క్లాసులు వదిలి బయటికి నడిపించాడు. నల్లజాతి టీచర్లని ఎక్కువమందిని తీసుకోమని కూడా అడిగాడు. 1966లో స్కూల్ అయిపోయాక ట్రైటన్ కాలేజీలో లా చదవడానికి ముందు చేసే కోర్సులో చేరాడు. పోలీసులు ఎక్కడ గీత దాటుతున్నారో తెలియాలంటే ముందు ఆ గీత ఎక్కడుందో చదవాలి కదా, అదీ అతని లెక్క.

ఆ రోజుల్లోనే ఎన్‌ఏఏసీపీలో పని మొదలుపెట్టాడు. ఇది నల్లజాతి హక్కుల కోసం 1909లో పుట్టిన పాత సంస్థ, కోర్టుల్లో కేసులు వేసి గెలిచే పద్ధతి దానిది. ఆ ప్రాంతపు యువజన విభాగానికి ఫ్రెడ్ నాయకుడయ్యాడు. చూస్తుండగానే సభ్యుల సంఖ్య 500కి చేరింది. 27 వేల జనాభా ఉన్న ఊళ్ళో 500 మంది కుర్రాళ్ళూ అమ్మాయిలూ! వాట్సాప్ గ్రూపులు ఉన్న ఈ రోజుల్లో కూడా మన క్లబ్ మీటింగ్‌కి ఎంతమంది వస్తారో మీకు తెలుసు.

ఇంతమందిని కలిపిన డిమాండ్ ఏంటో తెలుసా? స్విమ్మింగ్ పూల్.

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ చికాగో ఎండాకాలం ఒకసారి ఊహించుకోండి. పిల్లలకి స్కూల్ లేదు. పక్క ఊళ్ళో పూల్ ఉంది, కానీ అందులోకి నల్లజాతి పిల్లలని రానివ్వరు. మేవుడ్‌లో అసలు పబ్లిక్ పూలే లేదు. ఫ్రెడ్ ముందు చేసిన పని ఏంటంటే, పిల్లలని కార్లలో ఎక్కించి, రానిచ్చే దూరపు ఊరి పూల్‌కి తీసుకెళ్ళడం. ఆ తర్వాత విలేజ్ బోర్డు మీటింగులకి వెళ్ళడం మొదలుపెట్టాడు. విలేజ్ బోర్డు అంటే మన మున్సిపల్ కౌన్సిల్ లాంటిది. ఒక్కడే వెళ్ళలేదు, కుర్రాళ్ళని వెంటేసుకుని వెళ్ళాడు. మా పన్నులు తీసుకుంటున్నారు, మా పిల్లలకి నీళ్ళు ఎక్కడ అని అడగడం. మళ్ళీ అడగడం. బయట ప్రదర్శనలు చేయడం. ఈ ఉద్యమంలోనే పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. గుంపుని రెచ్చగొట్టాడని కేసు పెట్టారు.

నాకు ఈ భాగమే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఓటు హక్కు, సమానత్వం లాంటి మాటలు పెద్దవి. పదేళ్ళ పిల్లాడికి అవి అర్థం కావు. పూల్ మాత్రం అర్థమవుతుంది. ఆ పూల్ ఎందుకు లేదు అని అడగడం మొదలుపెడితే బడ్జెట్ ఎవరు రాస్తారు, బోర్డులో ఎవరు కూర్చుంటారు, వాళ్ళకి ఓటు ఎవరు వేస్తారు అని ఒక్కో ప్రశ్న దానంతట అదే బయటికి వస్తుంది. ఫ్రెడ్ ఉపన్యాసాలు ఇవ్వక ముందే తన వయసు వాళ్ళకి ఈ ప్రశ్నలు అలవాటు చేశాడు.

ఐస్‌క్రీమ్ కేసు

1968 జులైలో మేవుడ్‌లో ఒక ఐస్‌క్రీమ్ బండి మీద గుంపు పడింది. 71 డాలర్ల విలువైన ఐస్‌క్రీములు లాక్కుని పిల్లలకి పంచేశారు. దానికి ముందున్నది ఫ్రెడ్ అని, బండి అతన్ని కొట్టాడని కేసు పెట్టారు. నేను కాదు అని ఫ్రెడ్ చివరిదాకా అన్నాడు. 1969లో కోర్టు దోషి అని తేల్చి రెండు నుంచి ఐదేళ్ళ జైలు వేసింది. 71 డాలర్ల ఐస్‌క్రీమ్‌కి! కొన్ని నెలలు జైల్లో ఉండి, అప్పీల్ మీద ఆగస్టులో బయటికి వచ్చాడు.

ఈలోపు దేశం మారిపోయింది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. అహింస అని చెప్పిన మనిషినే చంపితే ఇంక మేమేం చేయాలి అని చాలామంది యువకులు అడిగారు. అప్పటికే కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1966లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అనే ఇద్దరు కాలేజీ స్నేహితులు బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. 1968 నవంబర్‌లో ఇల్లినాయ్ శాఖ మొదలైంది. బాబీ రష్‌తో కలిసి దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఫ్రెడ్ ఒకడు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. పాంథర్లు తుపాకులు పట్టుకున్నారు. ఆత్మరక్షణ మా హక్కు అన్నారు, పెట్టుబడిదారీ వ్యవస్థ పోవాలి అన్నారు, విప్లవం అన్నారు. ఫ్రెడ్ కూడా అవే మాటలు గట్టిగా మాట్లాడాడు. 1969 నవంబర్‌లో ఫ్రెడ్ ఊళ్ళో లేనప్పుడు చికాగోలో కాల్పులు జరిగి ఇద్దరు పోలీసులు, ఒక పాంథర్ చనిపోయారు. ఇవన్నీ నిజాలే. వీటితో మనం ఏకీభవించాల్సిన పని లేదు. కానీ ఇవి మాత్రమే చెప్పి ఆపేస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

పొద్దున్నే టిఫిన్, సాయంత్రం స్నేహాలు

చికాగో పాంథర్లు ఎక్కువ సమయం దేని మీద పెట్టారో చూడండి. 1969 వసంతంలో బడి పిల్లలకి ఉచిత టిఫిన్ మొదలుపెట్టారు. ఇది పైకి దానం లాగా కనిపిస్తుంది కానీ లోపల అంతా లెక్కల పని. ఏ హాలు దొరుకుతుంది, దుకాణాల నుంచి ఎన్ని గుడ్లు వస్తాయి, ఎంతమంది పిల్లలు వస్తారు, తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించేది ఎవరు. ఆవేశం ఉన్నవాళ్ళు చాలామంది దొరుకుతారు, రోజూ తెల్లవారుజామున లేచేవాళ్ళే దొరకరు. ఆ పని చేసినవాళ్ళు ఎక్కువగా ఇరవై దాటీ దాటని అమ్మాయిలూ అబ్బాయిలూ. ఉచిత వైద్యశాల కోసం కూడా ఏర్పాట్లు చేశారు, ఫ్రెడ్ పోయిన కొద్ది రోజులకే అది తెరుచుకుంది. అమెరికా ప్రభుత్వం నడిపే స్కూల్ టిఫిన్ పథకం 1966లో ప్రయోగంగా మొదలై 1975లో శాశ్వతమైంది. పాంథర్ల టిఫిన్ హాళ్ళు ప్రభుత్వాన్ని సిగ్గుపడేలా చేశాయని చాలామంది చరిత్రకారులు అంటారు.

రెండో పని ఇంకా కష్టమైనది. చికాగో ఉత్తరాన అప్‌టౌన్ అనే పేట ఉంది. అక్కడ ఉన్నది అపలాచియా కొండల నుంచి పని కోసం వలస వచ్చిన నిరుపేద తెల్లవాళ్ళు. వాళ్ళ కుర్రాళ్ళ సంఘం పేరు యంగ్ పేట్రియట్స్. వాళ్ళు జాకెట్ల మీద కాన్ఫెడరేట్ జెండా కుట్టుకుని తిరిగేవాళ్ళు. అంటే బానిసత్వం ఉండాలని యుద్ధం చేసిన వాళ్ళ జెండా. పాంథర్ల తరఫున బాబ్ లీ అనే కార్యకర్త ఆ పేటకి వెళ్ళాడు. జెండా తీసెయ్యండి అని మొదలుపెట్టలేదు. మీ ఇంటి అద్దె ఎంత, మీ పిల్లలకి డాక్టర్ ఉన్నాడా, పోలీసులు మిమ్మల్ని ఎలా చూస్తారు అని అడిగాడు. జవాబులు అన్నీ నల్లజాతి పేటలో వినిపించేవే. పోలీసులు వాళ్ళని కూడా కొడుతున్నారు. ఇంటి యజమానులు వాళ్ళని కూడా పీడిస్తున్నారు.

ఫ్రెడ్ ఈ స్నేహాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. లింకన్ పార్క్ ప్రాంతంలో ఇళ్ళు ఖాళీ చేయించడాన్ని ఎదిరిస్తున్న ప్యుయెర్టో రికో యువకుల సంఘం యంగ్ లార్డ్స్, హోసే చాచా హిమెనెస్ నాయకత్వంలో, ఇందులో కలిసింది. దీనికి రెయిన్‌బో కొయెలిషన్ అని పేరు పెట్టారు. అదే సమయంలో ఒకరినొకరు చంపుకుంటున్న వీధి గ్యాంగులతో కూడా కూర్చుని మాట్లాడి గొడవలు ఆపమని ఒప్పించే ప్రయత్నం చేశాడు. కొన్నాళ్ళకి పేట్రియట్స్‌లో చాలామంది ఆ జెండాని వాళ్ళంతట వాళ్ళే పక్కన పెట్టేశారు.

భయపడింది ఎవరు

ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్. ఆ సంస్థ కోయింటెల్‌ప్రో అనే రహస్య కార్యక్రమం నడిపింది. నల్లజాతి సంఘాలు ఒకదానితో ఒకటి కలవకుండా చూడటం, జనాన్ని కదిలించగల నాయకుడు ఎదగకుండా చూడటం దాని లక్ష్యాలని 1968 మార్చి నాటి వాళ్ళ కాగితాల్లోనే ఉంది. చికాగోలో పాంథర్లు, బ్లాక్‌స్టోన్ రేంజర్స్ అనే గ్యాంగ్ దగ్గరవుతున్నారని తెలిసి, ఎఫ్‌బీఐ ఆ గ్యాంగ్ నాయకుడికి ఆకాశరామన్న ఉత్తరం రాసింది. పాంథర్లు నిన్ను చంపబోతున్నారు అని దాని సారాంశం. తర్వాత సెనేట్ విచారణలో ఈ సంగతి బయటపడింది.

విలియం ఓనీల్ ఇంచుమించు ఫ్రెడ్ వయసు వాడే. కారు దొంగతనంలో దొరికాడు. ఎఫ్‌బీఐ ఏజెంట్ కేసు పోయేలా చూస్తానని చెప్పి అతన్ని ఇన్‌ఫార్మర్‌గా పార్టీలోకి పంపాడు. ఓనీల్ ఏకంగా సెక్యూరిటీ చూసుకునే మనిషి అయ్యాడు. ఫ్రెడ్ ఉంటున్న అపార్ట్‌మెంట్ ప్లాన్ గీసి ఇచ్చాడు, మంచం ఎక్కడుందో కూడా గుర్తు పెట్టి.

1969 డిసెంబర్ 4, తెల్లవారుజామున 4:45. వెస్ట్ మన్రో వీధి, ఇంటి నంబర్ 2337. కౌంటీ ప్రాసిక్యూటర్ ఎడ్వర్డ్ హాన్రహాన్ పంపిన 14 మంది పోలీసులు ఆయుధాల కోసం సోదా పేరుతో వచ్చారు. ఆయుధాలు ఆ ఇంట్లో నిజంగానే ఉన్నాయి. కానీ జరిగింది సోదా కాదు. ముందు గదిలో కాపలా ఉన్న మార్క్ క్లార్క్, 22 ఏళ్ళు, అక్కడికక్కడే చనిపోయాడు. ఫ్రెడ్ మంచం మీదే ఉన్నాడు. పక్కన నిండు గర్భిణి అయిన అతని సహచరి డెబొరా జాన్సన్. ఆమెని బయటికి లాగేశాక ఫ్రెడ్ తలలోకి దగ్గర నుంచి రెండు గుళ్ళు దిగాయి. 25 రోజుల తర్వాత కొడుకు పుట్టాడు.

గుళ్ళు లెక్కపెట్టడం

మర్నాటి నుంచి జరిగినది కూడా ఫ్రెడ్ జీవితంలో భాగమే అనుకుంటాను. పోలీసులు మేము ఎదురుకాల్పులు జరిపాం అన్నారు. కానీ ఆ ఇంటికి సీల్ వేయడం మర్చిపోయారు. పాంథర్లు తలుపులు తెరిచి జనాన్ని లోపలికి పిలిచారు. దాదాపు రెండు వారాలు వేలమంది, ముసలివాళ్ళు, తల్లులు, బడి పిల్లలు, చలిలో వరుసలో నిలబడి ఒక్కొక్కరే ఆ గదులు చూసి వెళ్ళారు. పరుపు చూశారు. గోడలు చూశారు. రంధ్రాలన్నీ ఏ వైపు నుంచి ఏ వైపుకి వెళ్ళాయో కళ్ళతో చూశారు. హాన్రహాన్ ఒక పెద్ద పత్రికకి ఫొటోలు ఇచ్చి, ఇవి పాంథర్లు కాల్చిన గుళ్ళ గుర్తులు అన్నాడు. విలేకరులు వెళ్ళి చూస్తే అవి మేకుల తలలు!

ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ లెక్క తీసింది. పోలీసుల తూటాలు 80 పైనే, కొన్ని లెక్కల్లో 90 పైనే. పాంథర్ల వైపు నుంచి ఒకే ఒక్కటి. అది కూడా మార్క్ క్లార్క్ తుపాకీ నుంచి. అయినా కాల్పులు జరిపినందుకు ఎవరికీ శిక్ష పడలేదు. బతికి బయటపడ్డ ఏడుగురి మీదే హత్యాయత్నం కేసు పెట్టి, ఐదు నెలల తర్వాత ఎత్తేశారు. విచారణకి అడ్డుపడ్డాడని హాన్రహాన్ మీద కేసు నడిచింది, 1972 అక్టోబర్‌లో కోర్టు వదిలేసింది.

కోర్టు వదిలినా ఓటర్లు వదల్లేదు. హాన్రహాన్‌ది ఎన్నికయ్యే పదవి. చికాగోలో నల్లజాతి ఓటర్లు ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని డెమొక్రటిక్ పార్టీకి వేసేవాళ్ళు. 1972 నవంబర్‌లో ఆ అలవాటు తప్పించి హాన్రహాన్‌ని ఓడించారు. 1983లో అదే నగరం హెరాల్డ్ వాషింగ్టన్‌ని తొలి నల్లజాతి మేయర్‌గా ఎన్నుకుంది. ఫ్రెడ్ సహచరుడు బాబీ రష్ 1993 నుంచి 30 ఏళ్ళు అమెరికా కాంగ్రెస్‌లో ఉన్నాడు. 2000లో పార్టీ ఎన్నికలో అతని మీద పోటీ చేసి ఓడిపోయిన కుర్ర లీడర్ పేరు బరాక్ ఒబామా. ఇక కుటుంబాలు వేసిన సివిల్ కేసు 1970లో మొదలై 1982 దాకా సాగింది. ఓనీల్ గీసిన ప్లాన్ బయటపడింది ఆ కేసు వల్లే. చివరికి నగరం, కౌంటీ, కేంద్ర ప్రభుత్వం కలిసి 18.5 లక్షల డాలర్లు చెల్లించాయి.

పాంథర్ల పేరు మన దేశానికి కూడా వచ్చింది. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాళ్, జె.వి. పవార్ లాంటి యువకులు పెట్టిన దళిత్ పాంథర్స్‌కి ఆ పేరు అక్కడిదే.

ఫ్రెడ్ విప్లవం రాలేదు. అతను ఊహించిన అమెరికా కూడా రాలేదు. కానీ అతను పోయాక మేవుడ్‌కి పూల్ వచ్చింది. దానికి అతని పేరే పెట్టారు, బయట 2007లో అతని విగ్రహం పెట్టారు. 2022లో మేవుడ్ అతని చిన్ననాటి ఇంటిని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

రాజకీయాలు మనకెందుకు, ముందు ప్లేస్‌మెంట్స్ చూసుకుందాం అని మనం తరచూ అనుకుంటాం. నేను కూడా ప్లేస్‌మెంట్స్‌కి చదువుతున్నాను, చదువు మానమని ఎవరికీ చెప్పను. ఫ్రెడ్ కూడా మొదట్లో కాలేజీకి వెళ్తూనే బోర్డు మీటింగులకి వెళ్ళాడు. మన ఊళ్ళో మున్సిపల్ మీటింగ్ ఎప్పుడు జరుగుతుందో, మన వార్డు సభ్యుడు ఎవరో మనలో ఎంతమందికి తెలుసు? ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఒక్కటి కనుక్కుని రండి.